కత్తెరకే లొంగే ముడి

లాండ్రీ వెనక సందు,
గడియారాల షాపు మీది గది.
జూన్, మొదటి వారం.

పిచ్చుకా,

ఈ ఉత్తరం రాసిపెడుతున్న గడియారాలాయన మొదట్లోనే "ఉభయకుశలోపరి" అని పెట్టాడు. కొట్టేయమన్నాను. ఉభయుల్లో ఒకదాని మోకాలు నెల రోజులుగా వంగట్లేదు, ఇంక కుశలం ఎక్కడిది?

నువ్వు పంపిన ఫారం అందింది. పన్నెండు పేజీలు. ఆయన చదివి వినిపించేసరికి రెండు టీలు చల్లారిపోయాయి. "లబ్ధిదారులు ఎవరు" అట. "కార్యక్రమ లక్ష్యములు" అట. "కొలవదగిన ఫలితములు" అట. కొలవడానికేముంది? ఏడాది మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వచ్చి మా ఆడవాళ్ళ వేళ్ళు లెక్కపెట్టుకోమను. అంకె తగ్గకపోతే గ్రాంటు పనిచేసినట్టే.

నీకు తెలిసిన సంగతే అయినా ఫారంలోకి ఎక్కాలి కాబట్టి మొదట్నుంచీ చెప్తున్నాను. కావలసింది ఏరుకో.

వయసు మీరి నేను మానేసిన ఆ లాండ్రీలో ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తారు. ఇస్త్రీ అంటే చేతిపెట్టె కాదు. మంచమంత వెడల్పు రోలర్లు, ఒకదాని మీద ఒకటి, లోపల ఆవిరి. ఇటు ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పటి అంచు పట్టుకుని అందిస్తే అటు ఆరిపోయి వస్తుంది. రోలర్ల ముందు ఒక అడ్డుకడ్డీ ఉంటుంది. చెయ్యి లోపలికి పోబోతే ముందు ఆ కడ్డీకి తగలాలి, తగిలితే మెషీన్ టక్కున ఆగిపోవాలి. మెషీన్ చేసినవాడు బుద్ధిమంతుడే. కానీ ఆసుపత్రి దుప్పట్ల అంచు మందం. అది తగిలినా కడ్డీ కదులుతుంది, మెషీన్ ఆగుతుంది. ఆగితే మళ్ళీ వేడెక్కాలి. ఈలోగా దుప్పట్ల లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గితే సగం రోజు కూలి కోత. అందుకని కడ్డీని పైకెత్తి గుడ్డపీలికతో కట్టేస్తారు. ఇంక ఆగదు. దుప్పటి వచ్చినా ఆగదు, చెయ్యి వచ్చినా ఆగదు.

అలా కట్టి ఉన్న రోజునే, ఇరవై ఎనిమిదేళ్ళ కింద, మీ అమ్మ కుడిచేతి మూడు వేళ్ళు లోపలికి వెళ్ళాయి. కంపెనీ పైసా పరిహారం ఇవ్వలేదు. ఆ సూపర్‌వైజరు పాపం ఊరికే పోదు.

మీ అమ్మ చనిపోయిన ఏడాదే, మూడేళ్ళ కింద, ఈ గదిలో కూర్చోవడం మొదలుపెట్టాం. సెలవు రోజున పదకొండు మంది వస్తారు. మెషీన్ ఆపడానికి కొత్తగా పెట్టిన ఎర్ర బొత్తాం ఎక్కడుంటుంది, తొందరపెడితే ఏమనాలి, దెబ్బ తగిలితే ఎవరిని అడగాలి, ఇవీ పాఠాలు. మొదటి పాఠం ఒకటే: చదివించుకోని కాగితం మీద వేలు పెట్టొద్దు.

ఇప్పుడు గడియారాలాయన ఏడాది చివర షాపు మూసేస్తాడట. కళ్ళు ఆనట్లేదట. ఉత్తరాలకి ఆనుతాయి, గడియారం ముళ్ళకే ఆనవు, చిత్రం చూడు. గది పోతే ఈ పదకొండు మందినీ లాండ్రీ గేటు ముందు కూర్చోబెట్టనా, సూపర్‌వైజరు వచ్చి వింజామర వీస్తాడు? గ్రాంటు వస్తే గది నిలుస్తుంది. చెక్కతో ఒక ఉత్తుత్తి మెషీన్ చేయించి కొత్తవాళ్ళకి చూపిస్తాను.

చివరి పేజీలో నా వేలిముద్ర అడిగారు. అది మాత్రం వెయ్యను. మాట ఎంత కావాలంటే అంత ఇస్తాను. వేలు ఇవ్వను.

వేళకి తిను. గదిలో గాలి ఆడుతోందా?

నీ పెద్దమ్మ

*

నిధి ఆఫీసు పక్క వీధి,
నాలుగో అంతస్తు.
జూన్ ఆఖరు.

పెద్దమ్మా,

గాలి ఆడుతోంది. ఎక్కువే ఆడుతోంది, కిటికీకి చిలుకు లేదు.

వేళ్ళు లెక్కపెట్టుకోమన్న నీ మాట చదివి ఆఫీసులో పైకి నవ్వేశాను. మా మేడమ్ ఏమిటని అడిగితే వినిపించాను. ఆవిడ నవ్వలేదు, తన నోటుబుక్కులో రాసుకుంది. నువ్వు నా పెద్దమ్మవని కూడా చెప్పేశాను. నేనిక్కడ దరఖాస్తులు తెరిచి, ముద్ర వేసి, వరసలో పెట్టేదాన్నే. అయినా నీ కాగితాల మీద ముద్ర ఇంకొకరు వేస్తారట. ఫారం నింపడానికి సాయం చేస్తే తప్పులేదట. కాబట్టి నా మీద అరవడానికి నీకు పూర్తి హక్కు ఉంది.

రెండు మెలికలున్నాయి. ఒకటి వేలిముద్ర. అది లేకపోతే దరఖాస్తు లోపలికే రాదు. "వేలు ఇవ్వను" అంటే ఎలా పెద్దమ్మా? వాళ్ళు కోసి ఉంచుకోరు. రెండోది, మీ పని ఏ ప్రమాదం వల్ల మొదలైందో కళ్ళారా చూసినవాళ్ళ మాటల్లో కావాలి. పక్కన దుప్పటి పట్టుకున్నది నువ్వే కదా. కడ్డీ ఎవరు కట్టారు, ఎవరు కట్టమన్నారు, దేనితో కట్టారు, తర్వాత ఎవరు విప్పారు. అంతే. నీకిది నోటి చివర ఉండే సంగతి.

నువ్వు పంపిన స్వెటర్ పొట్లం అందింది. విప్పడానికి అరగంట పట్టింది. పళ్ళతో లాగాను, పిన్నుతో పొడిచాను, చివరికి అమ్మ కత్తెర తీశాను. గుర్తుందా, అమ్మ అనేది, "మీ పెద్దమ్మ ముడి వేస్తే కత్తెర తప్ప దిక్కులేదు" అని? స్కూలుకి పోయేటప్పుడు అమ్మ చేతికి సాగదని నా రిబ్బన్లు నువ్వే కట్టేదానివి. సాయంత్రం అమ్మ ఎడమ చేత్తో ఆ కత్తెర తెచ్చి, నవ్వుతూ కోసేసేది. ఎన్ని రిబ్బన్లు పోయాయో.

స్వెటర్ ఒక చెయ్యి పొడుగు. అయినా వేసుకుంటున్నాను.

నీ పిచ్చుక

*

గడియారాల షాపు మీది గది.
జులై, వానల్లో.

పిచ్చుకా,

ఆ ముడి మాట ఇంకోసారి రాయకు.

స్వెటర్ చెయ్యి పొడుగు కాదు, నీ చెయ్యి పొట్టి. చిన్నప్పుడు పాలు తాగమంటే కిటికీలోంచి పారబోసినదానివి, ఎదగకపోతే నా అల్లికను అంటావా?

ఎవరు కట్టారు, దేనితో కట్టారు, ఎవరు విప్పారు. ఏమిటీ ప్రశ్నలు? పోలీసు ఠాణాయా అది, నిధి ఆఫీసా? కట్టి ఉంది. వేళ్ళు పోయాయి. లెక్క కోసం అందరి ప్రాణం తీసినవాడు ఆ సూపర్‌వైజరు. ఇంతకంటే మీ మేడమ్‌కి ఏం కావాలి? ఇదే రాయి.

ఇక్కడి సంగతి చెప్తాను విను. గదికి కొత్తగా వస్తున్న పొడుగమ్మాయి ఉంది. పెళ్ళై ఆర్నెల్లు, చేరి రెండు నెలలు. మొన్న దాని చొక్కా చెయ్యి రోలర్లలో పడింది. భుజం దగ్గర కుట్టు ఊడి, చెయ్యంతా చిరిగి లోపలికి పోయింది. అసలు చెయ్యి మిగిలింది. ఆ చొక్కా కుట్టిన దర్జీ ఎవడో గాని వాడికి దండం పెట్టాలి. అంత చెత్తగా కుట్టాడు కాబట్టే బతికింది. మంచి కుట్టయితే దాన్ని కూడా లాక్కుపోయేది.

సెలవు రోజున గదిలో అందరినీ అడిగాను, కడ్డీ కట్టి ఉందా అని. ఒక్కరు నోరు విప్పలేదు. పదకొండు జతల కళ్ళూ నేల మీదే. ఇప్పటి సూపర్‌వైజరు కట్టించాడా అంటే అప్పుడు ఊపారు తలలు. నాకు ఒళ్ళు మండిపోయింది. కట్టినవాడి చేతులు పడిపోవాలని ఎప్పుడూ తిట్టేదే, ఇంకో నాలుగు కలిపి తిట్టాను. పొడుగమ్మాయి ఏడుస్తూ కూర్చుంది. ఇంకా భయం తీరలేదు పాపం.

వేలిముద్ర సంగతి మళ్ళీ ఎత్తకు.

నీ పెద్దమ్మ

రాసినవాడి మాట: అమ్మా, ఇది ఆవిడ చెప్పింది కాదు. రాసింది మళ్ళీ చదివి వినిపించమంటారు, అప్పుడు ఈ ముక్క దాటేస్తాను. మీ ఉత్తరంలో ముడి గురించి చదివినప్పుడు ఆవిడ చేతిలో టీ ఒలికింది. కాలిందని కూడా చూసుకోలేదు. గట్టిగా అడగకండి. అలాగని అడగడం మానకండి.

*

నాలుగో అంతస్తు.
ఆగస్టు.

పెద్దమ్మా,

ఇది రాయాలా వద్దా అని వారం ఆలోచించాను. గడియారాలాయన దీన్ని నీకు నెమ్మదిగా చదవాలి.

దరఖాస్తును మేడమ్ వేలిముద్ర లేకుండానే పక్కన పెట్టి ఉంచింది, తర్వాత తెప్పించుకోవచ్చని. ఈలోగా విచారణకి ఒకాయన కార్మికశాఖ పాత కాగితాలు తీయించాడు. అమ్మ ప్రమాదం కాగితం దొరికింది. ఒక్క పేజీ. దాంట్లో ఇలా ఉంది: "అడ్డుకడ్డీ యథాస్థానంలో ఉండి పనిచేయుచున్నది. కార్మికురాలు పరధ్యానముగా చేయి పెట్టినది. కంపెనీ బాధ్యత లేదు." కింద సాక్షి వేలిముద్ర. పక్కన నీ పేరు.

అమ్మకి పరిహారం రాకపోవడానికి కారణం ఆ కాగితం.

మోసం చేసి వేయించుకున్నారా? ఏం రాసి ఉందో నీకు చెప్పలేదా? అదే అయితే అదే రాయించు. నీ మీద ఎవరికీ కోపం రాదు. కానీ ఆ కాగితం ఉండగా, కడ్డీ కట్టి ఉందని ఫారంలో నువ్వు చెప్తే, రెంటిలో ఏది నిజమని అడుగుతారు. సెప్టెంబరు ఆఖరులోగా సమాధానం రాకపోతే దరఖాస్తు కొట్టేస్తారు. గది పోతుంది.

పెద్దమ్మా, ఆ వేలిముద్ర నీదేనా?

పిచ్చుక

*

గడియారాల షాపు మీది గది.
సెప్టెంబరు.

పిచ్చుకా,

నాదే.

ఇది చెప్పి రాయించడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు ఆయన్ని ఊరికే కూర్చోబెట్టి పంపేశాను. రెండో రోజు మోకాలి నొప్పి అన్నాను. ఇప్పుడు ఆయన తల వంచుకుని రాస్తున్నాడు, నా మొహం చూడొద్దని చెప్పాను.

రోలర్ల మీదికి రాకముందు నాది మూటలు కట్టే పని. ఉతికిన దుప్పట్లు ఇరవయ్యేసి మూట కట్టి బండికెక్కించాలి. నేను కట్టిన మూట ఎంత దూరం పోయినా విడేది కాదు. నా ముడి జారదని లాండ్రీలో పేరు. ఎవరి మెషీన్ దగ్గర కడ్డీ కట్టాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. "అక్కా, నువ్వొచ్చి కట్టు, మా ముడి అదురుకి ఊడిపోతోంది" అని. నేను వెళ్ళి కట్టేదాన్ని. గొప్పగా ఉండేది, పిచ్చుకా. దాచను. ఆ గొప్ప నాకు రుచిగా ఉండేది.

ఆ రోజు మా మెషీన్ కడ్డీ కట్టింది నేను. సూపర్‌వైజరు కట్టమనలేదు. వాడికి అనాల్సిన పని లేదు, లెక్క చెప్పి పోయేవాడు, మిగతాది మేమే చేసుకునేవాళ్ళం. చినిగిన దుప్పటి అంచు చీల్చి రెండు చుట్లు తిప్పి కట్టాను. మీ అమ్మ అంది, "అక్కా, వద్దులే, ఆగితే ఆగనీ, నెమ్మదిగా పోనిద్దాం" అని. "నీ నెమ్మదితో ఇంటికి పోయేసరికి తెల్లారుతుంది" అన్నాను. మధ్యాహ్నం టీ గంట కొట్టబోయే ముందు దాని చెయ్యి దుప్పటితోపాటు వెళ్ళింది. నేను ముడి మీద పడ్డాను. ఊడలేదు. నా ముడే, నా వేళ్ళకే ఊడలేదు. మడతల బల్ల మీది కత్తెర తెచ్చి కోశాను. కడ్డీ పడింది. మెషీన్ ఆగింది. ఎంతసేపు పట్టిందని అడగకు.

సాయంత్రం సూపర్‌వైజరు కాగితం తెచ్చాడు. కోసిన పీలిక వాడి జేబులో ఉంది, ముడితో సహా. "ఇది ఎవరి ముడో లాండ్రీలో చిన్నపిల్లనడిగినా చెప్తుంది. నువ్వు వేలు వేస్తే ఇది పొయ్యిలో పడుతుంది. వెయ్యకపోతే చెల్లెలి చెయ్యి తీసింది నువ్వేనని దీంట్లో రాస్తాను, జైలుకి పోతావు" అన్నాడు. కాగితంలో ఏముందో చదివి వినిపించలేదు. కానీ నేనేమీ చంటిపిల్లను కాదు. మంచి మాట రాసి ఉంటే బెదిరించి వేయించుకోడు కదా. తెలిసే వేశాను.

వేళ్ళు నా ముడి వల్ల పోయాయి. పరిహారం నా వేలి వల్ల పోయింది. దానికి చెప్పలేదు. రోజూ చెప్పాలనుకుని రోజూ మానేశాను. డబుల్ డ్యూటీ చేసి నీ స్కూలు ఫీజు కట్టినప్పుడల్లా కొంత తీరిందనుకునేదాన్ని. తీరలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ సూపర్‌వైజరుని తిట్టుకుంటూ బతికాను. వాడూ మంచివాడేమీ కాదు, యజమాని అంతకంటే కాదు. ఆ లెక్క పెట్టినవాళ్ళ తప్పు ఎక్కడికీ పోదు. కానీ వాళ్ళ వెనక నేను దాక్కున్నాను.

ఇదే నా వాంగ్మూలం. ఇదే ఫారంలో పెట్టు. గ్రాంటు ఇవ్వకపోతే మానెయ్యమను. నువ్వు నాకు ఉత్తరం రాయాలని కూడా లేదు. స్వెటర్ చలికాలం దాకా ఉంచుకో, తర్వాత నీ ఇష్టం.

రాసింది రెండుసార్లు చదివించుకుని విన్నాను. ఒక్క ముక్క మార్చలేదు. కింద ఉన్నది నా వేలిముద్ర.

నీ పెద్దమ్మ

*

గడియారాల షాపు మీది గది.
అక్టోబరు.

పిచ్చుకా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అడగడానికి రాయట్లేదు. నీకు చెప్పాక ఇక్కడ జరిగింది నిధి ఆఫీసుకి తెలియాలి కాబట్టి రాయిస్తున్నాను.

నీకు చెప్పేశాక ఇంకెవరికి దాచాలి? సెలవు రోజున పదకొండు మందినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. కట్టింది నేను, వేలు వేసింది నేను, మూడేళ్ళుగా మీ ముందు పెద్ద మనిషిలా కూర్చున్నదీ నేనే అని. ఇంక రావడం మానేస్తారనుకున్నాను. ఎవరూ కదల్లేదు. కింద షాపులో గోడగడియారాలన్నీ ఒకేసారి నాలుగు కొట్టాయి. ఆ గోల అయ్యాక పొడుగమ్మాయి లేచింది.

"పెద్దమ్మా, ఆ రోజు కడ్డీ కట్టింది నేనే" అంది.

దాని పక్కామె అంది, "నేర్పింది నేను."

ఇంకొకామె, "నాది రోజూ కట్టే ఉంటుంది. నిన్న సాయంత్రం కూడా కట్టే వచ్చాను, రేపు పొద్దునకి పనికొస్తుందని."

"మరి మూడేళ్ళుగా ఒక్కరైనా చెప్పలేదేమే?" అని అరిచాను.

నవ్వింది పొడుగమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. "ఎలా చెప్తాం? గదిలోకి రాగానే కట్టినవాడి చేతులు పడిపోవాలని మొదలుపెడతావు. మేం చేతులు వెనక్కి పెట్టుకుని వినేవాళ్ళం."

నా శాపం నా మీదే పెట్టుకుంటున్నాననుకున్నాను, పిచ్చుకా. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు పదకొండు మంది మీద పడుతోందని తెలియలేదు. గుడ్డిదాన్ని. గదికి అద్దె కట్టి మరీ వాళ్ళ నోళ్ళు మూశాను.

మరుసటి సెలవు రోజు ఒక్కొక్కరూ తమ పీలిక ముడితో సహా కోసుకొచ్చారు. పద్నాలుగు తేలాయి. ముగ్గురు రెండేసి చోట్ల కట్టారట, తెలివి చూడు. ఈ సంచిలో పంపుతున్నాను. ఫారంలో "హాజరు పట్టీ జతపరచుము" అని ఉంది. పేర్లు రాస్తే యజమాని చేతికి పోతాయని వాళ్ళ భయం. హాజరు పట్టీ ఇదే అనుకోమను. ప్రతి పీలిక వెనకా ఒక మనిషి, చేతికి అయిదేసి వేళ్ళతో.

పనిలోకి వెళ్ళాక మళ్ళీ కొత్త పీలిక కట్టక తప్పట్లేదు; ఒకరే మానేస్తే ఆ ఒకరి లెక్కే తగ్గి కూలి కోసేస్తారు. అందుకని అందరూ ఒకే రోజు విప్పుదామంటున్నారు. అందరి లెక్కా తగ్గితే ఎవరిని కోస్తారు? దానికి ముందు చట్టం తెలిసినవాళ్ళు ఒకరు వచ్చి, కోయకూడదని ఎక్కడ రాసి ఉందో వీళ్ళకి చదివి వినిపించాలి. గ్రాంటు వస్తే మొదటి పని అదే.

చలి మొదలైంది. కిటికీకి చిలుకు పెట్టించావా?

పెద్దమ్మ

రాసినవాడి మాట: రోజూ పోస్టు వచ్చే వేళకి ఆవిడ మెట్లు దిగి నా షాపులో కూర్చుంటారు. గడియారం బాగైందా అని అడుగుతారు. ఆవిడకి గడియారం లేదు.

*

నాలుగో అంతస్తు.
నవంబరు.

పెద్దమ్మా,

నీ సెప్టెంబరు ఉత్తరం అందిన రోజు స్వెటర్ తీసి పెట్టె అడుగున పడేశాను. నాకు కోపం వచ్చింది. నీకు అబద్ధం చెప్పను. ఒక చేత్తో అమ్మ బట్టలు పిండలేక తలుపు గడియకి చుట్టి మెలితిప్పడం గుర్తొచ్చింది. స్కూలు ఫీజు ప్రేమ అనుకున్నాను, అది శిక్ష కట్టుకోవడమా అనిపించింది. అయినా వాంగ్మూలం మేడమ్‌కి అదే రోజు ఇచ్చేశాను. గడువు గురించి నీకు బెంగ అక్కర్లేదని ఒక్క ముక్కైనా రాయాల్సింది. రాయలేదు. అది నా తప్పు.

తర్వాత నీ సంచి వచ్చింది. మేడమ్ పీలికలన్నీ బల్ల మీద పరిచింది. కమిటీ వాళ్ళు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశారు. ఒకాయన ఒక ముడి విప్పబోయి విప్పలేక పక్కన పెట్టాడు. ముద్రలేసే బల్ల దగ్గర్నుంచి చూస్తున్నాను. అప్పుడు అమ్మ మాట చెవిలో పడింది.

"మీ పెద్దమ్మ ముడి వేస్తే కత్తెర తప్ప దిక్కులేదు."

పెద్దమ్మా, ఆ మాట అమ్మ ఎప్పుడు మొదలుపెట్టిందో తెలుసా? నా రిబ్బన్లు నువ్వు కట్టడం మొదలైంది వేళ్ళు పోయాకే. ఆ రోజు నువ్వు కత్తెరతో కోస్తుంటే అమ్మ చెయ్యి మెషీన్లోనే ఉంది, కళ్ళు మాత్రం నీ మీదే ఉండి ఉంటాయి. కట్టొద్దని నీతో అన్నదీ తనే. ఇంక అమ్మకి తెలియనిదేముంది? వేలిముద్ర సంగతి తెలుసో లేదో నాకు తెలీదు. ముడి సంగతి మాత్రం తెలుసు. తెలిసే రోజూ పొద్దున నా తల నీ ముందు పెట్టేది, కట్టమని. తెలిసే సాయంత్రం నవ్వుతూ కోసేది. అమ్మ ఆ మాట ఒక్కసారి కూడా నవ్వకుండా అనలేదు.

తనకి నవ్వు వచ్చినప్పుడు నాకెందుకు రాదు అని చాలాసేపు కూర్చున్నాను. పూర్తిగా రాలేదు. కొంచెం వచ్చింది. ఫీజు శిక్షా, ప్రేమా అంటే, రెండూ అయ్యుంటాయి. ఒకటే అయ్యుంటే నా పరీక్ష ఫలితాలు విని లాండ్రీ గేటు ముందు అంత పెద్దగా ఏడ్చేదానివి కాదు.

గ్రాంటు మంజూరైంది. ఏడాదికి. గది అద్దె, చెక్క మెషీన్, చట్టం చెప్పడానికి నెలకోసారి ఒక వకీలు. బాగుంటే మళ్ళీ ఇస్తారట. కమిటీ కాగితంలో "కొలవదగిన ఫలితములు" అన్న చోట మేడమ్ ఏం రాయించిందో చెప్పనా? "చేతివేళ్ళు." అంతే.

స్వెటర్ వేసుకునే ఇది రాస్తున్నాను. పొడుగు చెయ్యి మడతపెట్టాను.

నీ పిచ్చుక

*

గడియారాల షాపు మీది గది.
జనవరి.

పిచ్చుకా,

నీ ఉత్తరం ఆయన చేత నాలుగుసార్లు చదివించాను. నాలుగోసారికి ఆయన గొంతు పట్టేసింది, నా తప్పేం లేదు. మీ అమ్మ నవ్వు గురించి నేనేమీ చెప్పను. అది నాకూ దానికీ మధ్య ఉండనీ. నీ తల మా ఇద్దరి మధ్యా ఉండేది, అంత చాలు.

గడియారాలాయన షాపు మూసేశాడు గాని గదికి రావడం మానలేదు. రాయడానికి నాకెవరున్నారంటే, తనే ఉన్నానంటాడు. కింద షాపులో ఇప్పుడు చెక్క మెషీన్ పెట్టాం. వడ్రంగి కడ్డీ అచ్చం అలాగే చేశాడు. చెయ్యి తగిలితే గంట మోగుతుంది.

వకీలు రెండుసార్లు వచ్చింది. చిన్న మనిషి, పెద్ద గొంతు. నాకు నచ్చింది. రక్షణ తీసేసి పని చేయించకూడదని, రక్షణ ఉంచినందువల్ల లెక్క తగ్గితే కూలి కోయకూడదని ఎక్కడ రాసి ఉందో వేలు పెట్టి చూపించింది. పొడుగమ్మాయికి చదువొచ్చు, అది పైకి చదివింది.

పోయిన సోమవారం ఏ మెషీన్ మీదా ఒక్క పీలిక లేదు. మధ్యాహ్నం లోపు ముప్ఫై ఒక్కసార్లు ఆగాయట. పొడుగమ్మాయి లెక్కపెట్టింది. ఇప్పటి సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చి, "ఏమిటిది, ఏం చేస్తున్నారు?" అన్నాడట. "మేమేం చెయ్యట్లేదు సార్, ఆగింది, వేడెక్కనివ్వండి" అని చేతులు కట్టుకుని నిలబడ్డారట, ఆడవాళ్ళందరూ. సాయంత్రానికి యజమాని దిగాడు. కోత వెయ్యలేదు. లెక్క గురించి మాట్లాడుకుందాం రమ్మన్నాడు. నేను నలభై ఏళ్ళు ఆ లాండ్రీలో ఉన్నాను, "మాట్లాడుకుందాం" అన్న మాట ఆ మనుషుల నోట ఎన్నడూ వినలేదు. లెక్క తగ్గిస్తాడో లేదో తెలీదు. ఈలోగా మెషీన్ ఆగుతూనే ఉంది. ఆగనీ.

మీ మేడమ్‌కి చెప్పు, ఈ నెల ఫలితం కొలిచాం. ఎవరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

దీంతో ఇంకో స్వెటర్ పంపుతున్నాను. ఈసారి రెండు చేతులూ పొడుగే పెట్టాను, గొడవ లేకుండా. పొట్లానికి జారుముడి వెయ్యమని గడియారాలాయన సలహా. డెబ్భై ఏళ్ళొచ్చాక నా చేతులు మారవు. కట్టకూడని చోట కట్టను, కట్టాల్సిన చోట నా ముడే వేస్తాను.

మీ అమ్మ కత్తెర దగ్గర పెట్టుకో.

నీ పెద్దమ్మ